మనవాళ్ల బంతి

జూన్ 9, సోమవారం

మనవరాలు మళ్లీ అదే తప్పు చేసింది. తన జట్టు పిల్ల కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని రెండు చేతులతో ఒడిసి పట్టుకుంది. రెఫరీ విజిల్ ఊదాడు. గోలుకు బాగా దగ్గరలో అవతలి జట్టుకు ఫ్రీకిక్. గోలు పడలేదు, అది వేరే సంగతి. పడనంత మాత్రాన తప్పు ఒప్పు కాదు.

కోచ్ గేటు దగ్గరే నిలబడి ఈ సంగతి చెప్పాడు. ఇతను పగలు వెల్డింగ్ షాపు నడుపుతాడు, సాయంత్రం ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాడు. లోపలికి రమ్మంటే చెప్పులు మురికిగా ఉన్నాయంటాడు. నిజంగానే ఉంటాయి.

"మేడమ్, మీ పిల్ల గోడండీ, గోడ! బయటివాళ్లు ఎంత గట్టిగా కొట్టినా ఆపుతుంది. కానీ గోడకి చెవులుంటాయంటారే, ఈ గోడకి లేవు. మనవాళ్లు కాలితో ఇస్తే చెయ్యి పెట్టకే తల్లీ అని నెల నుంచీ మొత్తుకుంటున్నా. బంతి కనబడితే చాలు, పాలగిన్నె చూసిన పిల్లి అయిపోతుంది."

"వద్దంటే ఏమంటుంది?"

"సారీ సార్ అంటుంది. మళ్లీ పట్టుకుంటుంది. జులై అయిదున సెలెక్షన్ వాళ్లు వస్తున్నారు మేడమ్. స్పోర్ట్స్ హాస్టల్లో గోల్‌కీపర్ సీటు ఒక్కటే ఖాళీ. వాళ్ల కళ్ల ముందు ఇదే పని చేసిందనుకోండి, ఇక గోవిందా."

నేను పదవీ విరమణ చేసేవరకూ లెక్కలు చెప్పాను. చెవులు లేని పిల్లలు నాకు తగల్లేదు. చెప్పడం రాని పెద్దలు తగిలారు. ఈ మాట అతనితో అనలేదు. నియమాల పుస్తకం ఉంటే పంపమన్నాను.

జూన్ 10, మంగళవారం

పుస్తకం వచ్చింది. అట్ట మీద గ్రీజు వేలిముద్రలు. తుడిచి చదివాను.

నియమం స్పష్టంగానే ఉంది. జట్టులోని మనిషి కావాలని కాలితో తన్ని ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో ముట్టుకోకూడదు. గీత అవతలి నుంచి తనవాళ్లు విసిరి లోపలికి ఇచ్చినదాన్నీ ముట్టుకోకూడదు. కాలితో తన్నుకోవచ్చు. చేయి తగిలితే అవతలివాళ్లకు ఫ్రీకిక్, నేరుగా గోలు కొట్టే వీలు లేనిది, మధ్యలో ఇంకొకరికి తగలాలి.

మినహాయింపులు: తలతో, ఛాతీతో, మోకాలితో ఇస్తే పట్టుకోవచ్చు. మనవాళ్లకు తగిలి దారి తప్పి వచ్చిన బంతినీ పట్టుకోవచ్చు. "కావాలని" అన్నదే ఇక్కడ ముఖ్యమైన మాట.

జూన్ 12, గురువారం

భోజనాల బల్ల మీద పాఠం. చెంచాలు మనవాళ్లు, ఫోర్కులు అవతలివాళ్లు, ఉప్పుడబ్బా గోల్‌కీపర్.

"ఈ రూలు ఎవడు పెట్టాడు అమ్మమ్మా? మావాళ్లే కదా ఇచ్చేది. మావాళ్లది మేం పట్టుకుంటే వాళ్లకేంటి నొప్పి?"

చెప్పాను. పూర్వం ఈ నియమం లేదు. ఒక గోలు ముందున్న జట్టు బంతిని వెనక్కి, తన గోల్‌కీపర్‌కే ఇచ్చేది. ఆ మనిషి చేతుల్లో పెట్టుకుని తీరిగ్గా నిలబడేది. మళ్లీ ముందున్నవాళ్లకు ఇచ్చేది, వాళ్లు మళ్లీ వెనక్కి. అలా పొద్దు పోయేది, ఆట చచ్చేది.

"అంటే సోమరిపోతుల కోసం పెట్టిన రూలా?"

"తమ పని వెనకున్న మనిషి చేతుల్లో పడేసేవాళ్ల కోసం."

మంచి నియమం. ఆలోచించి పెట్టారు.

మినహాయింపులు ఈ రోజు చెప్పలేదు. నా పద్ధతి మొదటి నుంచీ ఇదే: ముందు నియమం, మినహాయింపులు తర్వాతి తరగతిలో. రెండూ ఒకేసారి చెబితే పిల్లలు నియమాన్ని వదిలేసి మినహాయింపును పట్టుకుంటారు.

సాయంత్రం మా అమ్మాయి, పిల్ల తల్లి, ఫోన్ చేసింది. ఆస్పత్రిలో తన వార్డులో ఇద్దరు నర్సులు సెలవులో ఉన్నారట, ఈ శనివారం రావడానికి కుదరదట. పిల్ల పళ్ల డాక్టరు సంగతి నన్ను చూడమంది. బడిలో తల్లిదండ్రుల సమావేశానికీ నన్నే వెళ్లమంది. "నువ్వుంటే నాకు బెంగే లేదమ్మా," అంది.

జూన్ 15, ఆదివారం

వసారాలో సాధన మొదలు. నేను కుర్చీలో కూర్చుని బంతిని చేత్తో దొర్లిస్తాను. "వాళ్లది" అంటే పిల్ల చేతులతో పట్టాలి. "మనది" అంటే చేతులు వెనక్కి పెట్టి కాలితో తన్నాలి. మొదట ఆ మాట కాస్త ఆలస్యంగా చెప్పాను, తర్వాత ఇంకా ఆలస్యంగా. పూలకుండీ ఒకటి పగిలింది.

జూన్ 20, శుక్రవారం

ఈ వారం ఒక్క తప్పూ లేదు. కోచ్ గేటు బయటి నుంచే రెండు చేతులూ జోడించాడు.

"ఏం మంత్రం వేశారండీ బాబూ!"

"మంత్రాలు రావు. చెప్పడం వచ్చు."

మినహాయింపులు ఆదివారం చెబుతాను.

జూన్ 22, ఆదివారం

అమ్మాయి వచ్చింది. ముందు చెప్పకుండా వచ్చింది కాబట్టి కూర సరిపోలేదు. తిన్నాక పిల్లను పొట్టిదాని ఇంటికి పంపి కూర్చుంది. పొట్టిది అంటే జట్టులో డిఫెండర్, మూడిళ్ల అవతల దర్జీ కూతురు, మా ఇంట్లో సగం, వాళ్లింట్లో సగం పెరిగింది.

"అమ్మా, హాస్టల్ సీటు వస్తే పంపిద్దాం. అక్కడే చదువు, అక్కడే ఆట. తిండి కూడా బాగుంటుందట."

"ఇక్కడ తిండికి ఏమొచ్చింది?"

"అబ్బ, అలా అన్నానా? నీకూ కాస్త విశ్రాంతిగా ఉంటుందని. ఆయన వదిలేసి పోయినప్పుడు దానికి తొమ్మిదేళ్లు. రెండు నెలలు ఉంచుకోమ్మా అని తెచ్చి నీ దగ్గర పెట్టాను. అయిదేళ్లయింది."

"నేను లెక్క అడిగానా?"

"నువ్వు అడగవు. అదే నా బాధ."

నాకు విశ్రాంతి కావాలని ఎవరు చెప్పారో తెలియదు. ఉదయం అయిదుకు లేస్తాను, మధ్యాహ్నం పడుకోను. మోకాలు తప్ప ఏ జబ్బూ లేదు.

వచ్చిన మనిషితో మాటల్లో పొద్దు పోయింది. పాఠం కుదరలేదు.

జూన్ 26, గురువారం

పిల్లకు గణితం పరీక్ష. ఈ వారం మినహాయింపులు పెట్టుకోను. ఒకదాని మీద ఇంకొకటి వేయకూడదు.

సాధన మాత్రం మానలేదు. ఇప్పుడు నేను "మ" అనగానే చేతులు వీపు వెనక్కి పోతున్నాయి.

జులై 1, మంగళవారం

వాన. వసారా తడిగా ఉంది. సాధన లేదు.

హాస్టల్ ఉన్న ఊరికి బస్సులో ఆరు గంటల ప్రయాణమట. దర్జీ చెప్పాడు. నేను అడగలేదు.

జులై 4, శుక్రవారం

రేపే మ్యాచ్. ముందు రోజు కొత్త విషయం చెప్పడం ఏ పరీక్షకైనా చేటు. ఇది నేను ఎన్నో ఏళ్లుగా తల్లిదండ్రులకు చెబుతూ వచ్చిన మాటే.

జులై 5, శనివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నేల తడి. నేను గోలు వెనక, కంచె బయట నిలబడ్డాను. పిల్ల బాగా ఆడింది. ఒకటి గాలిలోకి ఎగిరి వేళ్లతో పైకి తోసేసింది, ఒకటి అవతలి పిల్ల కాళ్ల మీద పడి లాక్కుంది. పొట్టిది రెండుసార్లు కాలితో వెనక్కి ఇచ్చింది, రెండుసార్లూ పిల్ల చక్కగా తన్నేసింది. సెలెక్షన్‌కు వచ్చిన ఆవిడ గొడుగు కింద కూర్చుని ఉంది. ఒకసారి తల ఊపింది. రెండో సగం అయిపోవస్తోంది, రెండు పక్కలా గోలు లేదు.

అప్పుడు అవతలి పిల్ల దూరం నుంచి కొట్టింది. మరీ గట్టిగా కాదు. అది పొట్టిదాని మోకాలి కింద ముంజంగకు తగిలి దారి మార్చుకుని మెల్లగా గోలు వైపు దొర్లింది. మెల్లగానే. నాలాంటిది వంగి తీసుకోవచ్చు. పిల్ల ముందుకు వంగింది, చేతులు చాపింది, పొట్టిదాని వైపు చూసింది. చేతులు వెనక్కి పోయాయి. కాలు విసిరింది. తడి బంతి మడమ కింద నుంచి జారిపోయింది.

కోచ్ "చెయ్యే! చెయ్యే! చెయ్యి పెట్టవే!" అని ఆ చివర నుంచి అరుస్తున్నాడు. బంతి గీత దాటాక కూడా అరుస్తున్నాడు.

ఒకటి – సున్నా. ఓడిపోయారు.

పిల్ల నా వైపు తిరిగి, "మనది కదా అమ్మమ్మా?" అంది. చేతులు ఇంకా వీపు వెనకే ఉన్నాయి.

జులై 6, ఆదివారం

వాన.

జులై 7, సోమవారం

తడి నేల మీద ఆడించడం నిర్వాహకుల తప్పు. పొట్టిది అడ్డం రాకపోతే బంతి నేరుగా చేతుల్లోకే వచ్చేది. పిల్లకు ఎడమ కంటి చూపు కాస్త తక్కువేమో, డాక్టరుకు చూపించాలి.

జులై 8, మంగళవారం

కోచ్ ఈ రోజు గేటు దాటి మెట్ల దాకా వచ్చాడు. చెప్పులు విప్పలేదు, నేనూ చూడనట్టు ఊరుకున్నాను.

"మేడమ్, ఆవిడ ఏమందో చెప్పనా? 'చురుకైన పిల్లే, కానీ రూలు తెలీదు. రూలు తెలియని కీపర్ని తీసుకెళ్లి నేనేం చేసుకోను' అంది. నాకు బుర్ర తిరిగిపోయింది. పోయిన నెల దాకా అన్నీ పట్టేసేది. ఇప్పుడు దేనికీ చెయ్యి పెట్టట్లేదు. నిన్న ప్రాక్టీసులో పొట్టిది తలతో ఇస్తే కూడా వదిలేసింది!"

"తలతో ఇస్తే పట్టుకోవచ్చు."

"నాకు తెలుసండీ! దానికి చెప్పండి!"

కళ్లజోడు తుడుచుకుని లోపలికి వచ్చాను. అతను కాసేపు మెట్ల మీదే నిలబడి వెళ్లాడు.

జులై 9, బుధవారం

పిల్ల అన్నం తింటోంది, బడికి వెళ్తోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. అడగనిది చెప్పడం లేదు. పొట్టిది రెండు రోజులుగా మా ఇంటికి రాలేదు. బంతి తన కాలికే తగిలిందని ఏడుస్తోందట.

కంటి డాక్టరు చూపు బాగానే ఉందన్నాడు. రెండు కళ్లూ.

జులై 10, గురువారం

ఒక లెక్క తప్పయితే ఏ మెట్టులో తప్పిందో వెతకాలి. విడిచిపెట్టిన మెట్టు తెలుసు. చెప్పడానికి మూడు ఆదివారాలున్నాయి. ఇక్కడితో ఆపుతాను.

జులై 11, శుక్రవారం

సెలెక్షన్ ఆవిడను కలవడానికి స్టేడియం ఆఫీసుకు వెళ్లాను. రెండు గదులు, ఒకదాని నిండా చిరిగిన వలలు, గాలి తీసిన బంతులు. ఆవిడకు నలభై అయిదు ఉంటాయేమో. కుడి చేతి చిటికెన వేలు పక్కకు వంగి ఉంది. ఒకప్పుడు తనూ గోల్‌కీపరే.

"పిల్లకు నియమం నేర్పింది నేను. సగమే నేర్పాను. మినహాయింపులు చెప్పడానికి సమయం చాలలేదు. తప్పు ఆమెది కాదు."

"మీరేమవుతారండీ?"

"అమ్మమ్మను."

ఆవిడ ఒక బంతి తీసుకుని గాలి కొడుతూ మాట్లాడింది. నన్ను కూర్చోమంది, కుర్చీ మీద వల ఉంది.

"పెద్దమ్మగారూ, ఎవరు నేర్పారు, ఎంత నేర్పారు, అది నాకు అక్కర్లేదండీ. బంతి వచ్చినప్పుడు మీరక్కడ ఉండరు, కోచ్ ఉండడు. నేను చూసింది ఒక్కటే. ఆ పిల్ల చేతులు ముందుకొచ్చి వెనక్కి పోయాయి. వేలు విరిగినా నా చేతులు వెనక్కి పోలేదు. చేతులు వెనక్కి పోయే కీపర్ నాకొద్దు."

"ఆ చేతులు వెనక్కి పెట్టించింది నేనే."

"అయితే ముందుకూ మీరే తెప్పించండి. సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. పందొమ్మిదిన మీ ఊళ్లోనే ఇంకో మ్యాచ్ చూస్తున్నా. అప్పుడు చూస్తాను. మాటివ్వను."

సమయం చాలలేదన్నాను ఆవిడతో. ఆ వాక్యం సరైనది కాదు. ఎవరూ దిద్దలేదు.

జులై 12, శనివారం

పిల్లకూ పొట్టిదానికీ కలిపి మినహాయింపులు చెప్పాను. తల, ఛాతీ, మోకాలు. తగిలి దారి తప్పినది. పొట్టిది విని, "అంటే ఆ రోజు నా కాలికి తగిలింది పట్టుకోవచ్చన్నమాట!" అని మళ్లీ ఏడ్చింది. ఏడుస్తూనే రెండు గుడ్లు తింది.

పిల్ల ఏడవలేదు. "ఇదంతా పుస్తకంలో ఉందా?" అని అడిగింది.

"ఉంది."

"నువ్వు మొదట్లోనే చదివావా?"

"చదివాను."



జులై 14, సోమవారం

చెప్పినంత మాత్రాన చేతులకు ఎక్కదు. చెవికి ఎక్కినది వేరు, చేతికి ఎక్కినది వేరు. వసారాలో మళ్లీ సాధన. ఇప్పుడు "మనది", "వాళ్లది" అని చెప్పేవాళ్లు లేరు. పిల్లే చూసుకోవాలి: తన్నారా, తగిలిందా. కుర్చీ తీసేశాను. నేను నిలబడి తన్నుతున్నాను. ఒకటి నేరుగా, ఒకటి స్తంభానికి కొట్టి, ఒకటి బకెట్‌కు కొట్టి. ఒకటి పొట్టిది నా మీదకు కొడితే నా ముంజంగకు తగిలి పక్కకు పోయింది. నొప్పి పుట్టింది. పిల్ల చేతులు కదల్లేదు.

జులై 15, మంగళవారం

నేను బలంగా తన్నబోతే చెప్పు ఊడి ముందు వెళ్లింది. పిల్ల గబుక్కున దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. బంతి పక్క నుంచి పోయింది.

"అమ్మమ్మా, చెప్పుని చేత్తో పట్టుకోవచ్చా?"

"పుస్తకంలో లేదు."

పొట్టిది నేల మీద దొర్లి నవ్వింది. పదిరోజుల తర్వాత పిల్ల కూడా నవ్వింది. నేను చెప్పు తొడుక్కుని సాధన కొనసాగించమన్నాను.

తర్వాత తలతో వచ్చినది పట్టింది. మోకాలిది పట్టింది. స్తంభానికి తగిలి వచ్చినది పట్టి, ఆ చేతుల వైపు తనే వింతగా చూసుకుంది.

జులై 17, గురువారం

పొట్టిది వెళ్లిపోయాక వసారా తుడుస్తుంటే పిల్ల వచ్చి చీపురు తీసుకుంది.

"అమ్మమ్మా. కావాలనే చెప్పలేదా?"

"ఏమిటి?"

"నేను హాస్టల్‌కి పోకూడదని."

"ఆ మూల తుడవలేదు చూడు," అన్నాను.

తుడిచింది.

జులై 18, శుక్రవారం

మోకాలికి వేడి నీళ్ల కాపడం. రేపటికి గొడుగు తీసి పెట్టాను.

జులై 19, శనివారం

ఎండ. నేల పొడిగా ఉంది. నేను మళ్లీ గోలు వెనక. ఆవిడ ఈసారి కుర్చీ నాకు దగ్గరలో వేసుకుంది, కానీ నాతో మాట్లాడలేదు.

మొదటి సగంలో పెద్దగా ఏమీ లేదు. ఒక బంతి పొట్టిదాని తలకు తగిలి వచ్చింది, పిల్ల ఆలోచించకుండా పట్టుకుంది. కోచ్ ఆ చివర చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

రెండో సగంలో మనవాళ్లు ఒక గోలు ముందున్నారు. అవతలివాళ్లు ఇద్దరు పొట్టిదాని మీదకు వచ్చిపడ్డారు. పొట్టిది కాలు విసిరింది, బంతి దాని పాదం పక్క నుంచి వెనక్కి వచ్చింది, గోలు మూల వైపు. మూడో అమ్మాయి దాని వెంట పరుగు. పిల్ల పొట్టిదాని కాలి వైపు ఒక్క చూపు చూసింది. పడుకుని రెండు చేతులతో బంతిని గుండెకు హత్తుకుంది. పరుగెత్తి వచ్చిన ఆ మూడో అమ్మాయి పిల్ల మీద నుంచి దూకి పడింది.

రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. అవతలి జట్టు అంతా చేతులెత్తి అరుస్తోంది. అతను పొట్టిదాన్ని చూశాడు, పిల్లను చూశాడు. విజిల్ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆట సాగించమని సైగ చేశాడు.

నేను సరిగ్గా వెనక ఉన్నాను. పొట్టిది కాలు విసిరే ముందు తల తిప్పి పిల్ల ఎక్కడుందో చూసింది. పాదం అడ్డంగా పెట్టింది. నా లెక్క ప్రకారం అది కావాలని ఇచ్చిందే.

మ్యాచ్ అయ్యాక కోచ్ చెమటలు కారుతూ వచ్చాడు. "తగిలి వచ్చిందేగా మేడమ్? మీరు దగ్గరున్నారు, మీకు బాగా కనబడుంటుంది."

"రెఫరీకి కనబడింది చాలు," అన్నాను.

తప్పు అని తెలిసి తప్పు అనకుండా ఇంటికి వచ్చాను. ఇలా ఇదివరకు జరిగినట్టు గుర్తు లేదు.

జులై 22, మంగళవారం

సీటు వచ్చింది.

జులై 23, బుధవారం

అమ్మాయి ఫోనులో ఏడ్చింది, సంతోషంతో. "అంతా నీ వల్లే అమ్మా," అంది. కావలసిన బట్టల జాబితా చదివింది. దుప్పట్లు రెండు చాలవని చెప్పాను.

జులై 29, మంగళవారం

పిల్ల పెట్టెలో పుస్తకాలు నిలువుగా పెట్టాలా అడ్డంగా పెట్టాలా అన్న దాని మీద ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. అడ్డంగానే పెట్టింది.

ఆగస్టు 2, శనివారం

నియమాల పుస్తకం కోచ్‌కు తిరిగి ఇచ్చేశాను. ఉంచుకోండి మేడమ్ అన్నాడు. వద్దన్నాను.

ఆగస్టు 3, ఆదివారం

పిల్లను అమ్మాయి తీసుకువెళ్లింది. బస్సు ఉదయం పదింటికి. పొట్టిది, దర్జీ, కోచ్ వచ్చారు. కోచ్ కొత్త చేతి తొడుగులు ఇచ్చి, "గోడా, అక్కడ మా పరువు తీయకే," అన్నాడు. పొట్టిది కిటికీ ఊచలు పట్టుకుని వేలాడింది. అమ్మాయి మంచినీళ్ల సీసా నింపుకోవడానికి దిగింది.

పిల్ల కిటికీలో నుంచి నన్ను పిలిచింది. "మాత్రలు వేసుకో. మోకాలు చూసుకో. వసారాలో ఒంటరిగా బంతి తన్నకు."

"నువ్వొకటి అడిగావు," అన్నాను.

"ఏంటి?"

"కావాలనే చెప్పలేదా అని."

పొట్టిది ఊచలు వదిలి కిందికి దిగింది. పిల్ల నా మొహంలోకి చూసింది. మ్యాచ్‌లో పొట్టిదాని కాలి వైపు చూసిన చూపే అది.

"నాకు తెలియదు," అన్నాను.

ఏ విద్యార్థికీ ఈ జవాబు ఇవ్వలేదు. తెలియకపోతే రేపు చెబుతాననేదాన్ని. ఈ ప్రశ్నకు రేపు కూడా ఇంతకంటే తెలుస్తుందనుకోను.

బస్సు ఇంజన్ ఆన్ చేశారు. అమ్మాయి సీసాతో పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కింది.

"అనుమానం ఉంటే రెఫరీ విజిల్ ఊదడమ్మమ్మా," అంది పిల్ల. చేయి కిటికీ బయటికి చాపి నా చేయి పట్టుకుంది, బస్సు కదిలే దాకా.

ఈ మాట పుస్తకంలో ఉన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. చూద్దామంటే పుస్తకం నిన్ననే ఇచ్చేశాను. అడిగి తెచ్చుకోను.